వృద్ధాశ్రమానికి స్పానిష్‌లో ఏ మాట వాడాలి? ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్లకు ఒక వివరణ

"నర్సింగ్ హోమ్‌ని స్పానిష్‌లో ఏమంటారు?" అని ఫోన్‌లో వెతికితే అర క్షణంలో జవాబు వస్తుంది: ఆసీలో దె అన్సియానోస్. ఇది తప్పు మాట కాదు. కానీ ఇదే మాట ఒక మెక్సికో పెద్దావిడ చెవిన పడితే "నన్ను వదిలించుకుంటున్నారా?" అని బాధపడొచ్చు. ఇమిగ్రేషన్ ఆఫీసులో ఇదే మాటకు అర్థం వేరు. ఆసుపత్రి కాగితం మీదైతే అసలు అక్కడ నర్సు ఉంటుందో లేదో కూడా చెప్పదు. అందుకే మాటను ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మనం చెప్పేది ఎలాంటి చోటు గురించి? వినేవాళ్లు ఎవరు? ఈ వ్యాసంలో ఆ రెంటినీ వరసగా చూద్దాం.

మనకు ఈ మాటతో పనేంటి?

ఫార్మింగ్టన్ హిల్స్, నోవై ప్రాంతాల్లో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలకు ఈ అవసరం మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, పని అనుమతి ఉన్నవాళ్లు కేర్ హోమ్‌లో నర్సుగానో, నర్స్ ఎయిడ్‌గానో, ఫ్రంట్ డెస్క్‌లోనో, వంటశాలలోనో పనిచేస్తుంటే అక్కడి సహోద్యోగుల్లో, అక్కడ ఉంటున్న పెద్దల్లో, చూడటానికి వచ్చే కుటుంబాల్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు తగులుతారు. రెండు, ఐటీ కాంట్రాక్టు మీద ఆసుపత్రులకో ఇన్సూరెన్స్ కంపెనీలకో యాప్‌లు, వెబ్‌సైట్లు చేసేవాళ్ల చేతికి "ఈ పేజీకి స్పానిష్ కూడా పెట్టండి" అన్న టికెట్ వస్తుంది. మూడు, అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లో, ఆఫీసులో స్నేహితుడో "మా అమ్మను ఎక్కడ చేర్చాలి?" అని సలహా అడుగుతారు.

మూడింటిలోనూ తప్పు మాట పడితే నష్టపోయేది ఒక పెద్ద ప్రాణం.

ముందు ఇంగ్లిష్ మాట తేల్చుకోండి

స్పానిష్ దాకా వెళ్లకముందే మనకు ఒక చిక్కు ఉంది. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారు నడిపే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులు, ఆపరేషన్లు జరిగే చోటు. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే సొంతంగా ఉండలేని పెద్దలు, రోగులు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటు. "ఆయన్ని నర్సింగ్ హోమ్‌లో చేర్చారండి" అని ఇక్కడి నుంచి ఫోన్ చేసి చెబితే, విజయవాడలో ఉన్న అత్తయ్యగారు "రెండ్రోజుల్లో డిశ్చార్జి చేస్తారులే" అనుకుంటారు. ఒకే దేశపు ఇంగ్లిష్ కాకపోతేనే ఇంత తేడా వస్తే, మరో భాషలోకి వెళ్లేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో మీరే చూడండి.

మిషిగన్‌లో పెద్దలు ఉండే చోట్లకు చట్టం ఇచ్చిన పేర్లు ముఖ్యంగా మూడు.

1. నర్సింగ్ హోమ్: రోజంతా లైసెన్సు ఉన్న నర్సులు ఉంటారు. మందులు, ఇంజెక్షన్లు, గాయాలకు కట్లు, ఆపరేషన్ తర్వాత ఫిజికల్ థెరపీ లాంటివి ఉంటాయి.

2. హోమ్ ఫర్ ది ఏజ్డ్: గది, భోజనం, స్నానం చేయించడం, మందులు గుర్తుచేయడం లాంటి సాయం ఉంటుంది. సాధారణంగా 21 మంది, అంతకు పైగా ఉండే పెద్ద భవనం. ఇది ఆసుపత్రి తరహా చోటు కాదు.

3. అడల్ట్ ఫోస్టర్ కేర్: 1979 నాటి రాష్ట్ర చట్టం కింద లైసెన్సు తీసుకున్న ఇల్లు. ఫ్యామిలీ హోమ్ అయితే 6 మంది దాకా, గ్రూప్ హోమ్ అయితే 20 మంది దాకా ఉంటారు. మామూలు వీధిలో మామూలు ఇల్లులాగే కనిపిస్తుంది. ఎప్పుడూ నర్సు అవసరమయ్యే మనిషికి ఇది సరిపోదు.

మరి బోర్డుల మీద ఎక్కువగా కనిపించే అసిస్టెడ్ లివింగ్ అన్న మాటో? మిషిగన్‌లో ఆ పేరుతో విడిగా లైసెన్సు లేదు. అది వ్యాపారానికి వాడే పేరు. ఆ బోర్డు వెనక హోమ్ ఫర్ ది ఏజ్డ్ లైసెన్సు ఉండొచ్చు, అడల్ట్ ఫోస్టర్ కేర్ లైసెన్సు ఉండొచ్చు, అసలు లైసెన్సే అక్కర్లేని అద్దె గదులూ కావచ్చు. లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ పేరు లారా. వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక్కో చోటు పేరు కొట్టి లైసెన్సు, తనిఖీ నివేదికలు చూసుకోవచ్చు.

కాబట్టి స్పానిష్ మాట వెతికే ముందు "ఇక్కడ ఏ లైసెన్సు ఉంది?" అని అడగండి. అది తెలియకుండా ఎంత మంచి మాట ఎంచినా అది గాల్లో మాటే.

స్పానిష్‌లో వాడుకలో ఉన్న మాటలు

స్పానిష్ 20కి పైగా దేశాల్లో మాట్లాడతారు. కోస్తాలో ఒక మాట, తెలంగాణలో మరో మాట, రాయలసీమలో ఇంకోటి ఉన్నట్టే అక్కడా ఉంటుంది. ముఖ్యమైనవి ఇవీ.

ఆసీలో దె అన్సియానోస్: మెక్సికో వాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది. మిషిగన్‌లో ఉన్న లాటినోల్లో మెక్సికో మూలాలవాళ్లే ఎక్కువ కాబట్టి ఈ మాట మీకు ముందుగా తగిలే అవకాశం ఉంది. ఆసీలో అంటే మొదట ఆశ్రయం, దిక్కులేనివాళ్లను చేరదీసే ధర్మసత్రం. మన "అనాథ వృద్ధాశ్రమం" అన్న మాటలో ఉండే బరువే దీనిలోనూ ఉంది. చాలామంది మామూలుగానే వాడతారు, కానీ కొందరికి గుచ్చుకుంటుంది.

ఓగార్ దె అన్సియానోస్: ఓగార్ అంటే ఇల్లు, పొయ్యి వెలిగే ఇల్లు. స్పెల్లింగ్‌లో మొదట హెచ్ ఉంటుంది గానీ పలకరు. ప్యూర్టో రికో, క్యూబా వైపు వాళ్లకు బాగా అలవాటు. అమెరికా ప్రభుత్వ మెడికేర్ సమాచారంలో కూడా నర్సింగ్ హోమ్‌కు ఈ మాట కనిపిస్తుంది. వినడానికి మెత్తగా ఉంటుంది, దాదాపు అందరికీ అర్థమవుతుంది.

రెసిదెన్సియా దె మయోరెస్: స్పెయిన్‌లో మామూలు వాడుక. గౌరవంగా వినిపిస్తుంది.

కాసా దె రెపోసో: విశ్రాంతి గృహం అని అర్థం. పెరూ, చిలీ, మెక్సికోల్లో వింటారు.

అన్సియానాతో: కొలంబియా, వెనిజులా మాట.

హెరియాత్రికో: అర్జెంటీనా, ఉరుగ్వే మాట. వృద్ధుల వైద్యానికి సంబంధించింది అని అసలు అర్థం.

సెంత్రో దె ఎన్ఫెర్మెరీయా ఎస్పెసియాలిసాదా: ఇది ఇంట్లో మాట్లాడుకునే మాట కాదు, కాగితం మీది మాట. ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక నర్సులు, థెరపీ అవసరమైనవాళ్లు కొన్నాళ్లు ఉండే స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీకి మెడికేర్ వాడే పేరు. డబ్బు ఎవరు కట్టాలన్నది ఈ మాట మీదే ఆధారపడుతుంది కాబట్టి దీన్ని మార్చకండి.

బీదా అసిస్తీదా: అసిస్టెడ్ లివింగ్‌కు అమెరికా స్పానిష్‌లో పుట్టిన మాట. మన చెవికి "బీద" అన్నట్టు వినిపిస్తుంది గానీ బీదా అంటే జీవితం. కొత్తగా వచ్చినవాళ్లకు అర్థం కాకపోవచ్చు, ఒక వాక్యంలో వివరించాలి.

పెద్దవాళ్లను సూచించే మాటలోనూ తేడాలున్నాయి. బియేహో అంటే "ముసలాడు" అన్నట్టు ఉంటుంది. సొంతవాళ్లు ముద్దుగా అనుకోవచ్చు, మనం అనకూడదు. అన్సియానో అంటే వృద్ధుడు. అదుల్తో మయోర్, పెర్సోనా మయోర్ అంటే పెద్దలు, పెద్దవారు. లాటిన్ అమెరికా దేశాలు 2015లో పెద్దల హక్కుల మీద చేసుకున్న ఒప్పందం పేరులోనూ పెర్సోనాస్ మయోరెస్ అన్న మాటే ఉంది. రాతలో ఇది వాడితే ఎవరికీ నొప్పి కలగదు.

ఇమిగ్రేషన్‌తో కలిసిపోయే రెండు మాటలు

వలస వచ్చిన మనలాంటివాళ్లు మరీ గుర్తుపెట్టుకోవాల్సింది ఇది.

ఆసీలో అంటే వృద్ధాశ్రమమే కాదు, రాజకీయ ఆశ్రయం కూడా. "సొలిసితూద్ దె ఆసీలో" అంటే స్వదేశంలో ప్రాణభయం ఉందని అమెరికాను ఆశ్రయం అడిగే దరఖాస్తు. రెసిదెన్సియా అంటే పెద్దల నివాసమే కాదు, "రెసిదెన్సియా పెర్మనెంతె" అంటే గ్రీన్ కార్డు.

ఇప్పుడు ఒక మాట ఊహించుకోండి. కేర్ హోమ్ కౌంటర్ దగ్గర మీరు ఒకావిడతో "మీ అమ్మగారికి ఆసీలో కావాలా?" అని అరకొర స్పానిష్‌లో అడిగారు. ఆ కుటుంబానికి కాగితాల బెంగ ఉంటే, మీరు వాళ్ల ఇమిగ్రేషన్ స్థితి అడుగుతున్నారనుకుని భయపడి వెళ్లిపోవచ్చు. "రెసిదెన్సియా ఉందా?" అన్నా అంతే. సాయం కోసం వచ్చిన మనిషి సాయం లేకుండా తిరిగిపోతుంది.

దీనికి మందు తేలికే. ఆ మాటలను ఒంటరిగా వాడకండి. ఓగార్ దె అన్సియానోస్ అనండి, లేదా రెసిదెన్సియా పారా పెర్సోనాస్ మయోరెస్ అని పూర్తిగా అనండి. వెనక "పెద్దల కోసం" అన్న ముక్క ఉంటే అనుమానానికి తావుండదు.

పోలిక చూసి మోసపోయే మాటలు

ఓస్పీసియో: చూడటానికి హాస్పిస్ లాగే ఉంటుంది. అమెరికా వైద్య కాగితాల్లో ఆ అర్థంలోనే, అంటే జబ్బు నయం కాదని తేలాక చివరి రోజుల్లో బాధ తగ్గించే సేవ అన్న అర్థంలో వాడుతున్నారు. కానీ పాత స్పానిష్ అర్థం అనాథ పిల్లలు, నిరుపేదలు ఉండే సత్రం. నర్సింగ్ హోమ్‌కు ఈ మాట ఎప్పుడూ వాడకండి. హాస్పిస్ గురించే చెప్పాల్సి వస్తే అర్హత ఉన్న దుబాసీని పిలవండి. అది మనం వచ్చీరాని మాటల్లో చెప్పే కబురు కాదు.

గ్వార్దెరీయా: పసిపిల్లల డేకేర్. పెద్దలు పగలు ఉండి సాయంత్రం ఇంటికి వెళ్లే చోటును సెంత్రో దె దీయా అంటారు.

క్రియాన్సా: పిల్లల పెంపకం. ఫోస్టర్ కేర్ అనగానే యంత్రానువాదం "ఓగార్ దె క్రియాన్సా" అని ఇవ్వొచ్చు. అడల్ట్ ఫోస్టర్ కేర్‌కు అది పెడితే 80 ఏళ్ల పెద్దాయన్ని పెంపుడు బిడ్డను చేసినట్టే. లైసెన్సు పేరును అలాగే ఉంచి, పక్కన "రాష్ట్ర లైసెన్సు ఉన్న ఇల్లు; రోజువారీ సాయం కావాల్సిన పెద్దలు ఉంటారు" అని స్పానిష్‌లో ఒక వాక్యం రాయించండి.

కాసా ఓగార్: ముక్కలు రెండూ ఇల్లే గానీ, కలిపితే మెక్సికోలో ఎక్కువగా అనాథ పిల్లల ఇల్లు అని అర్థం.

ఎదుటివాళ్లతో మాట్లాడేటప్పుడు

మనకు నువ్వు, మీరు ఉన్నట్టే స్పానిష్‌లో తూ, ఉస్తెద్ ఉన్నాయి. పెద్దవాళ్లతో ఉస్తెద్ అనే మాట్లాడండి. పేరుకు ముందు మగవాళ్లకు దోన్, ఆడవాళ్లకు దోన్యా చేరిస్తే మన "గారు" చేర్చినట్టే.

ఆ చోటుకు ఏ మాట వాడాలో తోచకపోతే వాళ్లనే అడగండి: "కోమో లె దీసె ఉస్తెద్ ఆ ఎస్తె లుగార్?" అంటే "ఈ చోటును మీరు ఏమంటారండి?" అని. వాళ్లు ఆసీలో అంటే మీరూ ఆసీలో అనండి. "అలా అనకూడదు, ఓగార్ అనాలి" అని దిద్దకండి. వాళ్ల అమ్మ గురించి వాళ్లు అనుకునే మాట వాళ్లిష్టం. మనం ముందుగా మాట కలిపేటప్పుడు మాత్రం మెత్తని మాటతో మొదలుపెట్టాలి.

యాప్‌లు, వెబ్‌సైట్లు చేసేవాళ్లకు

ఐటీలో ఉన్నవాళ్లకు తెలిసిందే, అనువాదానికి వెళ్లేది వాక్యాలు కాదు, ముక్కలు. "నర్సింగ్" అని ఒక బటన్, "హోమ్" అని ఇంకో బటన్. ఇంగ్లిష్‌లో నర్సింగ్‌కు బిడ్డకు పాలివ్వడం అనే అర్థం కూడా ఉంది. స్పానిష్‌లో దానికి లాక్తాన్సియా, నర్సుల పనికి ఎన్ఫెర్మెరీయా అని వేర్వేరు మాటలున్నాయి. హోమ్ అంటే ఇల్లా, కేర్ హోమా, వెబ్‌సైట్ మొదటి పేజీయా? మొదటి పేజీ అయితే ఇనీసియో అనాలి. ముక్క ఒక్కటే పంపితే అనువాదకుడికీ, యంత్రానికీ ఇది తెలిసే దారి లేదు. ప్రతి ముక్క పక్కన అది ఎక్కడ కనిపిస్తుందో, ఏ అర్థంలోనో ఒక నోటు రాయండి.

ఇంకొకటి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆరోగ్య సంస్థలకు 2024లో వచ్చిన నిబంధన ప్రకారం, రోగి హక్కులకు, ప్రయోజనాలకు కీలకమైన రాతను యంత్రంతో అనువదిస్తే అర్హత ఉన్న మనిషి దాన్ని సరిచూడాలి. మేనేజరు "టూల్‌తో కొట్టి పెట్టేయ్" అంటే ఈ విషయం టికెట్‌లోనే రాసి పెట్టండి. రేపు తేడా వస్తే ప్రశ్న ముందు కాంట్రాక్టు మనిషి మీదికే రావచ్చు.

నాలుగు మాటలు వచ్చినంత మాత్రాన దుబాసీలం కాము

1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాణ్ని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. కుటుంబం "ఇంతోక్సికాదో" అంది. తిన్నదేదో వికటించిందని వాళ్ల ఉద్దేశం. డాక్టర్లకు అది మత్తుమందు మోతాదు మించిందన్నట్టు చేరింది. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావం. చికిత్స ఆలస్యమై కాళ్లూ చేతులూ పడిపోయాయి. దాదాపు 71 మిలియన్ డాలర్ల పరిహారంతో ఆ కేసు ముగిసింది. ఒక్క మాట అంత పని చేసింది.

అందుకే పలకరింపులు, దారి చూపడం, భోజనం వేళలు చెప్పడం వరకు మనం చేయొచ్చు. మందులు, చికిత్సకు ఒప్పుకోలు, అడ్మిషన్ కాగితాలు, డబ్బు లెక్కలు వస్తే ఆగిపోవాలి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌లు అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. వెంట వచ్చిన పిల్లలతో అనువాదం చేయించడం ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో తప్ప కుదరదు. ఇది స్పానిష్ వాళ్లకే కాదు, మనకూ వర్తిస్తుంది. మీ నాన్నగారికి ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు దుబాసీ కావాలి" అని అడగండి. మొహమాటపడకండి, అది మీ హక్కు.

సంతకం పెట్టే ముందు

ఏ భాషవాళ్లకైనా ఈ మూడు విషయాలు తెలిస్తే పెద్ద దెబ్బ తప్పుతుంది.

ఒరిజినల్ మెడికేర్ స్కిల్డ్ నర్సింగ్ కేర్‌కు ఒక్కో విడతకు 100 రోజుల దాకానే సాయం చేస్తుంది. మొదటి 20 రోజులు పూర్తిగా కడుతుంది, 21వ రోజు నుంచి రోజుకింత అని మనం కట్టాలి. అదీ అంతకుముందు వరసగా 3 రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే. అబ్జర్వేషన్ కింద పెట్టిన రోజులు లెక్కలోకి రావు.

స్నానం, భోజనం, బట్టలు మార్చడం లాంటి సాయం మాత్రమే ఏళ్ల తరబడి కావాలంటే మెడికేర్ కట్టదు. దాన్ని స్పానిష్‌లో క్విదాదో ఆ లార్గో ప్లాసో, అంటే దీర్ఘకాల సంరక్షణ అంటారు. విజిటర్ వీసా మీద వచ్చిన మన తల్లిదండ్రులకైతే మెడికేరే ఉండదు.

మెడికేర్, మెడికెయిడ్ గుర్తింపు ఉన్న నర్సింగ్ హోమ్, తల్లిదండ్రులను చేర్చుకోవడానికి "కొడుకు తన సొంత డబ్బుతో కడతానని హామీ ఇవ్వాలి" అని షరతు పెట్టకూడదు. కాగితం మీద రెస్పాన్సిబుల్ పార్టీ అని ఉన్న చోట, స్పానిష్ కాపీలో గరాంతె అని ఉన్న చోట ఆగి అడగండి. గరాంతె అంటే జామీను. పెద్దవాళ్ల డబ్బులోంచి బిల్లులు కట్టిపెట్టడం వేరు, మీరే జామీను ఉండటం వేరు.

దగ్గర పెట్టుకోవాల్సిన నంబర్లు

మెడికేర్: 1-800-633-4227. స్పానిష్‌లో మాట్లాడేవాళ్లుంటారు, ఇతర భాషలకు దుబాసీని అడగొచ్చు.

మిషిగన్ లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్: 1-866-485-9393. నర్సింగ్ హోమ్, హోమ్ ఫర్ ది ఏజ్డ్, అడల్ట్ ఫోస్టర్ కేర్‌లలో ఉన్నవాళ్ల ఫిర్యాదులు ఉచితంగా చూస్తారు.

ఎల్డర్‌కేర్ లొకేటర్: 1-800-677-1116. మీ ప్రాంతంలో పెద్దలకు ఏ సేవలున్నాయో చెబుతారు.

చివరగా క్లుప్తంగా: నోటితో చెప్పేటప్పుడు ఓగార్ దె అన్సియానోస్. రాసేటప్పుడు లైసెన్సు పేరు యథాతథంగా, పక్కన స్పానిష్ వివరణ. ఆసుపత్రి తర్వాతి నర్సింగ్ అయితే సెంత్రో దె ఎన్ఫెర్మెరీయా ఎస్పెసియాలిసాదా. ఆసీలో, రెసిదెన్సియా ఒంటరిగా వద్దు. ఈ నాలుగు ముక్కలు ఫోన్‌లో నోట్ చేసుకుని, కేర్ హోమ్‌లో పనిచేసే మీవాళ్లకూ పంపండి.